ప్యో చిల్బో ఇల్లు కాపాడిన వైనం

పెళ్ళయిన మర్నాడు ప్యో చిల్బో తన భార్య వోల్లే పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టె ముందు గొంతుక్కూర్చుని, దానికున్న తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని తాళం అంటారా మీ ఊళ్ళో?" అని అడిగాడు. సాయంత్రానికల్లా ఆ పెట్టెకి పిడికిలంత ఇనుప తాళం వేలాడింది. తాళంచెవి ఆయన బెల్టుకి చేరింది. ఆ తరవాత వోల్లే తన బట్టలు తను తీసుకోవాలన్నా మొగుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. నెల తిరక్కుండానే ఆవిడ పెట్టెని బోర్లా తిప్పి, అడుగుచెక్క ఊడదీసి, కావలసినవి తీసుకుని మళ్ళీ బిగించెయ్యడం నేర్చుకుంది. చిల్బోకి ఆ సంగతి ఈనాటికీ తెలియదు. ఆ పెట్టెలోంచి గుండుసూదైనా పోలేదని ఎవరొచ్చినా గొప్పగా చెబుతుంటాడు.

జెచన్ ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన ముప్పై ఏళ్ళకి పైగా స్టోరుకీపరు ఉద్యోగం చేశాడు. చిరిగిన చేతితొడుగు తెచ్చి చూపిస్తేగాని కొత్త తొడుగు ఇచ్చేవాడు కాడు. ఒక్క చేతిదే చిరిగితే ఒక్కటే ఇచ్చేవాడు. కూలీలు వెనకాల ఎన్ని పేర్లు పెట్టుకున్నా లెక్కచెయ్యలేదు. ఒకసారి పట్టపగలు కొత్త మోటార్లు నింపుకున్న లారీ ఒకటి ఆయన స్టోరు ముందునుంచే దర్జాగా బయటికి పోయి మళ్ళీ రాలేదు. ఆ సమయంలో చిల్బో గారు వెనక గేటు దగ్గర నేల ఊడ్చే ఆమె అన్నం డబ్బా తెరిపించి చూస్తున్నాడు. మరొకడైతే ఆ మాట పైకి రానివ్వకుండా కడుపులో దాచుకునేవాడు. ఆయన మాత్రం దాన్ని పదిమందికీ చెప్పి, "చూశారా, లోకం ఎలా ఉందో? ఆ ఊడ్చేదాన్ని ఇంకాస్త ముందే పట్టుకుని ఉండాల్సింది" అనేవాడు. ఆ డబ్బాలో ఏం దొరికిందని ఎవరూ అడగలేదు. దొరికింది ముల్లంగి కూర.

వాళ్ళ ఇల్లు రైల్వేస్టేషను వెనక గుట్ట మీద, నిటారుగా ఎక్కే సందులో ఉండేది. పాత పెంకుటిల్లు. ఇంటిని కాపాడింది తనేనని చిల్బో నమ్మకం. నిజానికి ఆ ఇల్లు నిలబడి ఉందంటే అది వోల్లే చలవే. బజార్లో కిమ్చీ, ఊరగాయ చేపలు, పచ్చళ్ళు అమ్మే చిన్న కొట్టు ఆవిడది. పొద్దున్నే కొట్టు తెరిచేలోగా చూరుకింద కాలవ తీసేది. వానాకాలం ముందు జారిన పెంకులు ఎక్కించేది. చలికాలం రాబోతుంటే తలుపుల సందుల్లో కాగితం అంటించి, గేటు పక్కన నేలలో ఉన్న నీళ్ళ మీటరు గుంట నిండా పాత కోట్లు, చిరిగిన దుప్పట్లు కుక్కేది, పైపు గడ్డకట్టకుండా. ఈ పనులన్నీ జరుగుతున్నప్పుడు చిల్బో అరుగు మీద కూర్చుని, నిచ్చెన బయట వదిలెయ్యొద్దని హెచ్చరిస్తూ ఉండేవాడు.

ఆయన రిటైరైన ఏడు ఇంటికి మరమ్మతు తప్పనిసరి అయింది. గదుల్ని వెచ్చగా ఉంచే నేల కింది వేడినీళ్ళ పైపులు తుప్పుపట్టి చెమ్మ ఊరుతోంది. కప్పు నడుము వంగింది. కూతురు సోరా ఫోన్ చేసినప్పుడల్లా, ఆ ఇంట్లో అమ్మ ఎలా పడుకుంటోందో నాన్నకి పట్టదా అని సాధించేది. చివరికి ఎండాకాలం పోగానే మెంగ్ అనే మేస్త్రీకి పని ఒప్పజెప్పారు. మెంగ్ ఆ గుట్ట మీద సగం ఇళ్ళకి పనిచేసినవాడు, తక్కువ మాట్లాడే మనిషి. మంచు పడేలోగా నేల, కప్పు, కొత్త గేటు అయిపోతాయన్నాడు. వోల్లే పక్కా గిన్నెలూ తీసుకుని కొట్టు వెనక గదిలోకి మారింది. చిల్బోని కూడా రమ్మంది. "గోడలు విప్పిన ఇల్లు వదిలేసి వస్తానా?" అని ఆయన ముందుగదిలో కరెంటు దుప్పటి ఒకటి పరుచుకుని ఉండిపోయాడు.

ఆ మనిషి జీవితంలో అంత సంతోషపడిన రోజులు ఇంకేవీ లేవని వోల్లే తరవాత అంది. ప్రహరీ గోడ పైన సీసా పెంకులు గుచ్చాడు. వాటి మీద ముళ్ళతీగ లాగాడు. సిమెంటు బస్తాల గదికి ఒక తాళం, కొత్త కిటికీలు పెట్టిన గదికి రెండు తాళాలు, పలుగూ పారా ఉంచిన కొట్టానికి గొలుసు. మీటరులో ఇత్తడి ఉంటుందని, దాన్ని ఊడపెరుక్కుపోయి పాతసామాన్లవాడికి అమ్మేస్తారని ఎక్కడో విన్నాడు. మీటరు గుంట మీద ఇనుపరేకు మూత బిగించి దానికీ తాళం కప్ప వేశాడు. ఆ మూత పట్టడం కోసం లోపలున్న పాతకోట్లు తీసేశాడు. తీసినవాటిని వృథా చెయ్యకుండా కొత్త కిటికీ చట్రాలకి చుట్టబెట్టాడు, వాటి మీద ఎవరి కన్నూ పడకుండా.

చుట్టాల ఇంటి నుంచి ఒక కుక్కని కూడా తెచ్చాడు. అది మెంగ్ మేస్త్రీని చూసి తోక ఊపిందని నాలుగోరోజునే వెనక్కి పంపేశాడు.

వోల్లే మధ్యాహ్నం పూట పనివాళ్ళకి పులుసూ అన్నం పట్టుకొచ్చినప్పుడు ఈ కోట నిర్మాణం చూసి పెదవి విరిచేది. కిటికీ చట్రాలకి తన పాత కోటు తొడిగి ఉండటం చూసి, మీటరు ఏం కప్పుకుంటుందని అడిగింది. ఇనుప మూత ఉందిగా అన్నాడు ఆయన. ఇనుము వెచ్చగా ఉంటుందని మీ ఫ్యాక్టరీలో చెప్పారా అంది ఆవిడ. సిమెంటు మధ్య ముప్పై ఏళ్ళు గడిపి ఒక్క తట్ట సిమెంటు కలిపి ఎరగని మనిషి ఆయన. తెలియని విషయం ఎదురైనప్పుడల్లా బెల్టుకున్న తాళంచెవుల గుత్తిని గలగలలాడించడం ఆయన అలవాటు. అప్పుడూ అదే చేశాడు.

పనివాళ్ళతో గొడవ మొదటి వారంలోనే మొదలైంది. పొద్దున్న వాళ్ళు వచ్చి గేటు బయట చలిలో నిలబడితే, ఈయన లోపలినుంచి ఒక్కొక్క తాళమే తీసుకుంటూ వచ్చేవాడు. ఒక పార కావాలంటే కొట్టం గొలుసు విప్పి పార ఇచ్చి మళ్ళీ గొలుసు వేసేవాడు. ఇంకో పార కావాలంటే మళ్ళీ మొదలు. సాయంత్రం వెళ్ళేటప్పుడు సంచులు తెరిచి చూపించమనేవాడు. కప్పు పనివాడు ఒకడు పదిరోజులు ఓర్చుకుని, పెంకులు మీరే ఎక్కించుకోండని చెప్పి పోయాడు. వాడు దొంగ కాబట్టే పోయాడని చిల్బో తేల్చేశాడు. వాడి స్థానంలో మెంగ్ మరొకణ్ణి వెతికి తెచ్చేసరికి పదిహేను రోజుల పని వెనకబడింది. చలి ముందుకొచ్చింది.

కొత్త గేటు నిలబెట్టిన రోజున అసలు సంగతి జరిగింది. బరువైన ఇనుప గేటు అది, చిల్బో స్వయంగా ఎంచినది. మెంగ్ గేటుని బందులతో సహా స్తంభాల్లోని గుంటల్లో నిలిపి, చుట్టూ చెక్కముక్కలు దట్టించి, మర్నాడు కాంక్రీటు పోస్తానన్నాడు. చేతులు కడుక్కుని బయల్దేరుతుంటే చిల్బో అడ్డంగా నిలబడి సంచీ చూపించమన్నాడు. మెంగ్ అరవై దాటినవాడు. పక్కన అతని కింద పనిచేసేవాళ్ళిద్దరూ ఉన్నారు. సందులో జనం ఉన్నారు. అతను ఒక నిమిషం చిల్బో మొహంలోకి చూసి, సంచీ తలకిందులు చేసి నేల మీద దులిపాడు. ఖాళీ అన్నం డబ్బా, ఒక జత తడి మేజోళ్ళు, దగ్గుమందు సీసా పడ్డాయి. చిల్బో ఆ మేజోళ్ళని బూటు కొనతో కదిపి చూశాడు.

మెంగ్ సామాన్లు ఏరుకుని, తాపీ నీళ్ళలో ముంచి తుడుచుకుని, వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వోల్లే అతని ఇంటికి పోయి బతిమాలితే, "అమ్మా, నీ మీద నాకేం లేదు. ఆయన ఆ వాకిట్లో ఉన్నంతకాలం నేను అడుగుపెట్టను" అన్నాడు.

ఆ విధంగా చలికాలం మొదట్లో పని ఆగిపోయింది. వాకిలి మధ్య పైపు కోసం తవ్విన కందకం తెరిచే ఉంది. అందులో పాత నీళ్ళ పైపు ఎముకలా బయటపడి ఉంది. దాని మీద కప్పవలసిన అట్టలూ గడ్డీ కిటికీ గదికి తడికలయ్యాయి. కొత్త నేలకి వెయ్యవలసిన నూనె కాగితాలు, గోడల కాగితం చుట్టలు, దేవదారు తలుపు రెక్కలు, అన్నీ లోపలి గదిలో పేర్చి ఆ గదికి అన్నింటికన్నా పెద్ద తాళం వేశాడు. ఇక గేటుకైతే అయిదు తాళాలు. మేస్త్రీ పోతేపోయాడు, ఒక్క మేకు కూడా పోనివ్వలేదు కదా అని బజార్లో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకొచ్చాడు.

కొత్త సంవత్సరపు సొల్లాల్ పండగ ఇంకా వారం ఉందనగా బుసాన్‌లో ఉన్న ఆయన అన్నగారికి డెబ్బై ఏళ్ళు నిండాయి. విందుకి వెళ్ళక తప్పదు. పండగ ముందు బజారు రోజులు గనక వోల్లే కొట్టు మూసి వెళ్ళలేనంది. వెళ్ళేముందు తాళంచెవులు ఇచ్చి వెళ్ళమంది.

"నీకెందుకు?" అన్నాడు చిల్బో.

"ఇల్లు నాది కూడానేమో అని."

"నీకిస్తే ఏ చేపల సంచీలోనో పడేస్తావు. దాచాల్సిన చోట దాచాను."

పెళ్ళాం కాబట్టి వోల్లే ఆ మాట మింగింది, కాని మింగినట్టు కనిపించనివ్వలేదు. "సరే, తాళాలు మీరే మోసుకుపొండి. బాయిలరు సన్నగా మండనివ్వండి, వంటింటి పంపు బొట్టు బొట్టుగా కారేటట్టు వదలండి. వచ్చే రెండ్రోజులూ చలి దంచేస్తుందని రేడియోలో మొత్తుకుంటున్నారు" అంది. ఆయన తలూపాడు. ఇంటికి పోయి బాయిలరు ఆర్పేశాడు, మనిషి లేని ఇంట్లో నిప్పేమిటని. పంపు బలంకొద్దీ బిగించాడు. తాళాలన్నీ ఒకటికి రెండుసార్లు లాగి చూసి, మంచి కోటు వేసుకుని, రైలెక్కాడు.

రేడియోవాళ్ళు చెప్పినట్టే అయింది. ఆ రెండ్రోజులూ గుట్ట మీద ఉమ్మితే నేలని తాకేలోగా గడ్డకట్టేంత చలి. మూడో రోజు మధ్యాహ్నం ఎండ కాసింది. వోల్లే కొట్టులో క్యాబేజీకి కారం పట్టిస్తుంటే సందులో ఉండే ఒకావిడ రొప్పుకుంటూ వచ్చి, మీ గేటు కిందనుంచి నీళ్ళు పారుతున్నాయి, మాల్జా జారి పడిందని చెప్పింది. మాల్జా ఎదురింటి ముసలావిడ. డెబ్బై దాటింది, ఒక్కతే ఉంటుంది. వోల్లేకి అక్క వరస.

వోల్లే చేతులైనా కడుక్కోకుండా పరిగెత్తింది. సందు మొదట్నుంచే అద్దంలా మంచు. ఎగువనుంచి నీళ్ళు పలచగా జారుతూ, నీడ పడ్డచోట గడ్డకడుతూ వస్తున్నాయి. మాల్జాని అప్పటికే ఆమె గుమ్మంలో కూర్చోబెట్టారు. కుడి మణికట్టు వంకర తిరిగి ఉంది. "నీ మొగుడు ఇల్లు గట్టిగా కాపాడాడే" అంది పళ్ళు బిగించి. ఎవరో టాక్సీ పిలిచి ఆమెని ఆసుపత్రికి తీసుకుపోయారు.

గేటు సందులోంచి చూస్తే లోపల వాకిలి చెరువైంది. పైపు పగిలి నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. మీటరు గుంట గేటుకి అవతల మూరెడు దూరంలో ఉంది, దాని మీద రేకు, రేకు మీద తాళం. వోల్లే చిల్బోకి ఫోన్ చేసింది. విందులో ఉన్నాడు, వెనక పాటలు వినిపిస్తున్నాయి. ఇంట్లో పైపు పగిలింది, తాళంచెవులు ఎక్కడున్నాయో చెప్పమంది.

ఆయన గొంతు తగ్గించి, "నువ్వేనా మాట్లాడేది?" అన్నాడు.

"కాదు, పక్కింటి పిల్లి."

"నీ పక్కన ఎవరున్నారు?"

"ఊరంతా ఉంది. మాల్జా అక్క చెయ్యి విరిగింది. చెవులెక్కడ?"

"ఫోన్లో అలాంటివి చెప్పకూడదు. వినేవాళ్ళుంటారు. నేను బయల్దేరి వస్తున్నా, సాయంత్రానికల్లా ఉంటాను. ఎవర్నీ లోపలికి రానివ్వకు" అని పెట్టేశాడు.

వోల్లే ఫోన్ వైపు చూస్తూ నిలబడిపోయింది. కోపం కూడా రాలేదట ఆవిడకి. ముప్పై అయిదేళ్ళు ఇలాంటి మనిషికి అన్నం వండాననే సంగతి మాత్రం, ఎవరో మూడోవాళ్ళు చెబితే విన్నట్టు అనిపించిందట. చుట్టూ ఉన్నవాళ్ళు తాళాలు కొయ్యడానికి రంపం తెద్దామా, మంటలార్పేవాళ్ళని పిలుద్దామా అని తర్జనభర్జన పడుతున్నారు. ఆవిడ కళ్ళు గేటు పక్కకి పోయాయి. స్తంభానికీ బందుకీ మధ్య చెక్కముక్కలు అలాగే ఉన్నాయి, మెంగ్ దట్టించినవి. కాంక్రీటు పోసినవాడు లేడు. అయిదు తాళాలూ ఒకపక్క, నాలుగు చెక్కముక్కలు మరోపక్క.

ఆవిడ చెప్పు తీసి దాని మడమతో పైముక్కని ఒక్క పోటు పొడిచింది. అది లోపలికి జారింది. కిందిదాన్ని ఒకాయన గునపంతో కదిపాడు. తరవాత ఇద్దరు ముగ్గురు భుజాలు ఆనించి తోస్తే, ప్యో చిల్బో ఎంచి తెచ్చిన గేటు తాళాలన్నింటితో సహా ఒక్కసారిగా లోపలికి పడుకుంది. సందులో ఎవరో నవ్వారు, మరొకరు నోరు నొక్కుకున్నారు. వోల్లే గేటు మీదుగానే నడుచుకుంటూ పోయి, కిమ్చీ జాడీల మీద పెట్టే బరువురాయి తీసుకుని, మీటరు మూత తాళాన్ని చితక్కొట్టింది. వాల్వు తిప్పింది. నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి.

లోపలి గది తలుపు కిందనుంచి మట్టినీళ్ళు కారుతున్నాయి. ఆ తలుపుని కూడా పగలగొట్టించింది. నూనె కాగితాలు ఉబ్బి ముద్దలయ్యాయి. గోడల కాగితం చుట్టలు నీళ్ళు తాగి పాలిపోయాయి. దేవదారు రెక్కలు అడుగునుంచి మోకాటి ఎత్తు వరకూ నానాయి. ఇంటి మొత్తానికీ అన్నింటికన్నా గట్టి తాళం ఆ గదిదే. ఇంట్లో అన్నింటికన్నా పల్లం కూడా ఆ గదే. దొంగ ఎవడైనా వచ్చి వాటిని ఎత్తుకుపోయి ఉంటే కనీసం వాడికైనా పనికొచ్చేవి.

ఆవిడ ఇంకా బకెట్టుతో నీళ్ళు తోడుతుండగా ఒక కుర్ర పోలీసు వచ్చాడు. మంచు మీద జారకుండా గోడ పట్టుకుని నడుస్తూ, ఈ ఇంట్లో దొంగలు పడ్డారని యజమాని రైల్లోంచి ఫోన్ చేశాడని చెప్పాడు. నీళ్ళ సాకు చెప్పి ఎవరో తన భార్య గొంతుతో మాట్లాడారని కూడా చెప్పాడట.

వోల్లే నడుము నిలబెట్టుకుని, మోకాళ్ళదాకా బురదతో, చేతులకి కారంతో అతని ఎదురుగా నిలబడింది. "ఆ గొంతు నాదే నాయనా. ఆ గేటు తోసిందీ నేనే. పెళ్ళాన్ని కూడా నేనే, ఏం చేస్తాం. పట్టుకుపోతానంటే పద, స్టేషన్లో హీటరైనా ఉంటుంది."

పోలీసు కుర్రాడు టోపీ సర్దుకుని, గుర్తింపు కార్డు ఏమైనా ఉందా పెద్దమ్మా అని మెల్లిగా అడిగాడు. సందులో వాళ్ళందరూ ఒక్కసారి మాట్లాడ్డం మొదలుపెట్టేసరికి కార్డు మాట వదిలేశాడు. పోయేముందు బూట్లు విప్పి పెట్టి నాలుగు బకెట్లు తోడి వెళ్ళాడు. ఇంటి యజమాని చెయ్యని పని అది.

యజమాని చీకటి పడే వేళకి దిగాడు. విందులో ఇచ్చిన తీపి బియ్యప్పిండి ముక్కల పొట్లం చేతిలో ఉంది. సందు నిండా ఎవరో చల్లిన బొగ్గు బూడిద మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి, గేటు ఉండాల్సిన చోట నిలబడి, వోల్లేని చూశాడు, పడుకున్న గేటుని చూశాడు. "దీన్ని ఎవరు తీశారు?" అన్నాడు. తరవాత నేరుగా కొట్టం దగ్గరికి పోయి గొలుసు లాగి చూశాడు. కొట్టం తాళం పదిలంగా ఉంది. ఆయన మొహంలో ఆ కాస్త ఊరట కనిపించడం వోల్లే చూసింది. అదే ఆవిడ క్షమించలేకపోయింది. పైపు పగలడం ఎవరింట్లోనైనా జరుగుతుంది. పార భద్రంగా ఉన్నందుకు మొహం వికసించడం ఆయనకే చెల్లింది.

"మాల్జా అక్క చెయ్యి విరిగింది" అంది ఆవిడ.

"ఆవిణ్ణెవరు బయటికి రమ్మన్నారు ఈ మంచులో" అన్నాడు చిల్బో.

వోల్లే లేచి, ఆయన బెల్టుకున్న తాళంచెవుల గుత్తి విప్పి తీసుకుంది. ఆయన ఫోన్లో చెప్పనన్న చోటు ఆ బెల్టే. ఆయన అడ్డుపడలేదు. అడ్డుపడాలని తోచేలోపే పని అయిపోయిందో, ఆవిడ మొహం చూసి ధైర్యం చాల్లేదో. మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్ళీ మెంగ్ ఇంటికి వెళ్ళింది. ఈసారి బతిమాలలేదు. ఆయన ఆ వాకిట్లో ఉండడు, ఆ పూచీ నాది, వస్తారా అని అడిగింది. మెంగ్ గేటు ఎలా పడిందని అడిగాడు. చెప్పింది. అతను నవ్వలేదుగాని, దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. వస్తానన్నాడు.

చిల్బోని ఎక్కడ ఉంచాలనేదానికి వోల్లే ఎక్కువసేపు ఆలోచించలేదు. కొట్టు వెనక గదిలో పెడితే తన సరుకు డబ్బాలకి కూడా తాళాలు మొలుస్తాయి. మాల్జాకి పిండికట్టు వేసి, నెలన్నర దాకా చెయ్యి కదపొద్దన్నారు. ఒంటిమనిషి, పొయ్యిలో బొగ్గుబిళ్ళలు మార్చాలి, నీళ్ళు మొయ్యాలి, అన్నం వండుకోవాలి. "మీవల్ల విరిగిన చెయ్యి. అది అతుక్కునేదాకా మీరే ఆవిడ చెయ్యి" అని చెప్పి, ఆయన పరుపు చుట్టి ఎదురింటి పక్కగదిలో పడేసింది. కూతురు సోరాకి ఫోన్లో సంగతంతా చెబితే ఆ అమ్మాయి చాలాసేపు నవ్వి, తరవాత ఏడ్చింది.

నెలన్నరలో చిల్బో మాల్జాకి క్షమాపణ చెప్పలేదు. చెప్పాలని ఆయనకి తోచలేదు. బొగ్గుబిళ్ళలు మాత్రం వేళకి మార్చాడు. అన్నం మాడబెట్టాడు. మిగతా సమయమంతా గోడ పక్కన పీట వేసుకుని ఎదురుగా తన ఇంటివైపు చూస్తూ కూర్చున్నాడు. మెంగ్ మనుషులు పైపులు మోసుకుపోతుంటే లేచి నిలబడి మళ్ళీ కూర్చునేవాడు. మెంగ్ వాకిట్లో గేటుకి కాంక్రీటు పోసిన రోజున, అతని సంచీ ఒకటి బయట గోడ మీద మధ్యాహ్నమంతా తెరిచే ఉంది. చిల్బో దాని మీదనుంచి కళ్ళు తిప్పలేకపోయాడని, అన్నం కూడా తినలేదని మాల్జా చెప్పింది.

తడిసిన తలుపు రెక్కల్లో రెండింటిని మెంగ్ కిందిభాగం కోసి అతుకు వేసి బాగుచేశాడు. మిగతావి పొయ్యిలోకి పోయాయి. కాగితాలు మళ్ళీ కొన్నారు. గోడమీద సీసా పెంకులు మెంగ్ మనిషి ఒకడు సుత్తితో రాల్చేశాడు. వోల్లే వద్దనలేదు. మీటరు గుంటలోకి ఆవిడ తన పాత కోటు మళ్ళీ కుక్కింది. నేల వెచ్చబడిన రోజున ఆ గుట్టమీద వాళ్ళందరినీ పిలిచి నూడిల్సు పెట్టింది. జనం తెరిచిన గేటులోంచి వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. ఒక్క చెంచా అయినా పోలేదు. పైగా ఎవరో తమ గొడుగు మరిచిపోయి వెళ్ళారు.

ఇంటికి రావచ్చని వోల్లే మొగుడికి ఆ సాయంత్రమే కబురు పంపింది. ఆయన రాలేదు. మర్నాడు పొద్దున మాల్జా తనే వచ్చింది, కట్టు విప్పిన చేతిని మరో చేత్తో నిమురుకుంటూ. అరుగు మీద కూర్చుని, కొత్త నేల వెచ్చదనం అరచేత్తో చూసి బాగుందని మెచ్చుకుని, అప్పుడు అసలు మాట ఎత్తింది.

"సోరా వాళ్ళమ్మా, నీ మొగుణ్ణి తీసుకుపోవే. నా బొగ్గుల కొట్టానికి గొళ్ళెం లేదట, దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఇందాక బిళ్ళ తెచ్చుకుందామని పోతే, ఎన్ని తీస్తున్నావు, ఎందుకు తీస్తున్నావని నన్నే అడుగుతున్నాడు."

వోల్లే ముల్లంగి తరుగుతోంది. చెయ్యి ఆపకుండానే, "ఇంకో నాలుగు రోజులు నీ దగ్గరే ఉంచుకో అక్కా. నాకేం తొందర లేదు" అంది.